చుక్కాని పలకకి కావలసిన కోపం

తెల్లారగానే ఆ ఇంట్లో మొదట రాజుకునేది పొయ్యి కాదు, తగాదా. క్రేను ఆపరేటరు మంచం మీద నుంచి కాళ్ళు కింద పెట్టకముందే పెళ్ళాం మీద ఏదో ఒక వంక వెతికేవాడు. టీలో పంచదార ఎక్కువైందనేవాడు. తగ్గిస్తే మర్నాడు చప్పగా ఉందనేవాడు. తువ్వాలు తడిగా ఉందనీ, చొక్కా గుండీ ఊడిందనీ, మెట్లు దిగుతుంటే ఆమె చెప్పులు చప్పుడు చేస్తున్నాయనీ మొదలుపెట్టేవాడు. ఏమీ దొరక్కపోతే నిన్న ఆమె అన్న మాటకి ఇవాళ అర్థం అడిగేవాడు. ఆమె నోరు కట్టుకుని కూర్చునే మనిషి కాదు. అతను ఒకటంటే తను నాలుగనేది. ఇద్దరూ అరుచుకుంటూనే ముఖాలు కడుక్కుని, అరుచుకుంటూనే డబ్బాలు సర్దుకుని, ఇంటికి తాళం వేసి, ఓడల రిపేరు యార్డు గేటు దాకా నడిచేవాళ్ళు. అక్కడ అతను క్రేను వైపు, ఆమె ప్లేట్ల షెడ్డు వైపు విడిపోయేవాళ్ళు. విడిపోయేముందు అతను ఒకసారి ఆగి ఆమె ముఖంలోకి చూసేవాడు. పాపం, అన్నందుకు నొచ్చుకుంటున్నాడు కాబోలు అని ఆమె అనుకునేది.

షెడ్డులో ఆమెని అందరూ కుంపటక్క అనేవాళ్ళు. ఆమెకి కోపమొస్తే చేతికి దగ్గర్లో ఉన్న ఇనుము వేడెక్కేది. చిరాకుపడితే గోరువెచ్చగా అయ్యేది, నిజంగా కోపమొస్తే చెయ్యి పెట్టలేనంతగా కాలేది. ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. కొందరికి ఎడమచేతి వాటం ఉంటుంది, కొందరికి నిద్రలో మాట్లాడే అలవాటు ఉంటుంది, ఈమెకి ఇది ఉంది. ఆమెకి ముందు అదే షెడ్డులో ఎవరో ముసలాయనకి ఉండేదట. ఆయన పోయాక కొన్నాళ్ళు గ్యాసు బర్నర్లతో నెట్టుకొచ్చారు. ఈమె చేరాక బర్నర్లు మూలపడ్డాయి, ఆ తర్వాత సిలిండర్లు తెప్పించడం కూడా మానేశారు. వానలు పడేటప్పుడు వెల్డర్లు తడిసిన చేతి తొడుగులు తెచ్చి ఆమె పనిచేసే ప్లేటు అంచున ఆరేసుకునేవాళ్ళు. టీ చల్లారిపోతే కెటిలు ఆమె పక్కన పెట్టి, వద్దన్నా వినకుండా ఏదో ఒక పాడు కబురు చెప్పేవాళ్ళు. ఇంట్లో మాత్రం ఇనప మంచం అమ్మేసి చెక్క మంచం కొనుక్కున్నారు. ఆమె కోపం వల్ల సొంతానికి ఒరిగింది ఆ మంచం మార్పు ఒక్కటే.

యార్డుకి ఆమె కోపంతో ఏం పనంటే, మందపాటి ఉక్కుని చల్లగా ఉండగా వెల్డింగు చేస్తే అతుకు చల్లారేటప్పుడు పగిలిపోతుంది. ముందు కాచాలి. ఎంత కాగిందో చూసుకోవడానికి ఒక రకం సుద్ద ఉంటుంది. దానితో ప్లేటు మీద గీత గీస్తారు. సరిపడా వేడెక్కితే ఆ గీత కరిగి నూనె చుక్కలా మెరుస్తుంది. అప్పుడు వెల్డరు ముసుగు దించుకుని పనిలోకి దిగుతాడు. కుంపటక్క ఉద్యోగం పేరు హెల్పరు. చేసే పని, ఉక్కు మీద అరచెయ్యి ఆనించి నిలబడి పొద్దున్న మొగుడన్న మాటలు తలుచుకోవడం. ఈ పని నేర్పే బడి ఎక్కడా లేదు, దీనికి ప్రమోషనూ లేదు.

రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆవిడకి బాగా లేదని, ఆ రోజు దగ్గరుండాలని కుంపటక్క అప్పటి మేస్త్రీని సెలవడిగింది. మేస్త్రీ తల కూడా ఎత్తకుండా కుదరదన్నాడు. ఆమె గొంతు చించుకుంది, బతిమాలింది, చివరికి పళ్ళు నూరుతూ ప్లేటు దగ్గర నిలబడింది. మధ్యాహ్నం అన్నాల వేళ కబురొచ్చింది. యార్డు బూట్లతోనే పరిగెత్తింది. అప్పటికే మంచం చుట్టూ తెర లాగేశారు.

ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే, ఒక పొద్దున్న, టీ గురించో తువ్వాలు గురించో నడుస్తున్న తగాదా మధ్యలో ఆమె మొగుడు ఓ మాటన్నాడు. "మీ అమ్మని చంపింది జబ్బు కాదే. నువ్వు. కన్నతల్లి పోతుంటే డ్యూటీకి పోయిన దానివి."

ఆ రోజు షెడ్డులో యార్డు చరిత్రలోకెల్లా పెద్ద ఓడ చుక్కాని ఉంది. ఆమె చెయ్యి ఆనించగానే సుద్దగీత ఈ చివర నుంచి ఆ చివరకి కరిగిపోయింది. మేస్త్రీ సంతోషం పట్టలేక షెడ్డంతటికీ బిస్కెట్లు పంచాడు. కుంపటక్క కూడా ఒకటి తీసుకుంది. ఆ మాటకి మాత్రం ఆమె ఎప్పుడూ బదులు చెప్పలేదు. మిగతా అన్నింటికీ నోరు చేసుకునే మనిషి దీనికి ఒక్క ముక్క అనలేకపోయింది, ఎందుకంటే అది నిజమేమోనని ఆమెకి భయం. నిజమా అని మొగుణ్ణి అడగలేదు. అడిగితే అవునంటాడేమో. ముఖం కడుక్కుంటున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, ఆ ఒక్క మాటా వచ్చి పక్కన కూర్చునేది.

ఈమధ్య పాత మేస్త్రీ రిటైరయ్యాడు. కొత్త మేస్త్రీ వయసులో చిన్నవాడు, మెతక మనిషి. అందరినీ గారు అంటాడు, తిట్టాల్సొస్తే ముందు సారీ చెప్తాడు. అతను వచ్చిన కొత్తలోనే ఒక సరుకుల ఓడ డాకులోకి ఎక్కింది. దాని చుక్కాని పలక ఊడదీసి, క్రేనుతో తెచ్చి, షెడ్డులో కొయ్య దిమ్మెల మీద పడుకోబెట్టారు. ఓడ వెనకాల నీళ్ళలో ఉన్నంతసేపూ ఎవరి కంటా పడదు గానీ, నేల మీదకి తెస్తే రెండంతస్తుల ఇంటి గోడంత ఉంటుంది. ముందు అంచు లావుగా, వెనక అంచు సన్నగా, చేప ఆకారం. పైకి దిట్టంగా కనిపిస్తుంది గానీ లోపలంతా డొల్ల. కాచే ముందు అడుగున ఉన్న బిరడా విప్పి లోపలి నీళ్ళు వదిలెయ్యాలి, లేకపోతే ఆవిరి పట్టి పేలుతుంది. పెద్ద వెల్డరు బిరడా విప్పాడు. నల్లటి నీళ్ళు కుళ్ళు వాసనతో నేలంతా పారాయి. పలక మెడ దగ్గర, ఉక్కు అన్నిటికంటే మందంగా ఉన్నచోట, పగులు. అదే అతకాలి.

ఆ పొద్దున్న ఇంట్లో తగాదా జరగలేదు. రాత్రి నుంచి మొగుడికి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. కుంపటక్క వేడినీళ్ళు కాచి ఇచ్చింది, మెడకి గుడ్డ చుట్టింది. చాలా ఏళ్ళ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోకుండా పక్కపక్కన నడిచి గేటు దాకా వచ్చారు. దారిలో ఆమె ఒకసారి అతని భుజం మీద పడ్డ దారప్పోగు కూడా తీసి పారేసింది. గేటు దగ్గర అతను ఎప్పట్లా ఆమె ముఖంలోకి చూశాడు, ఇవాళ కాస్త దిగులుగా చూశాడు. జలుబు కదా అనుకుంది.

పలక మెడ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఉక్కు చల్లగా ఉంది. ఆమె మనసులో కోపమన్నది మచ్చుకైనా లేదు. సుద్దగీత తెల్లగా అలాగే ఉంది. పెద్ద వెల్డరు ముసుగు ఎత్తడం, దించడం, దగ్గడం చేస్తున్నాడు. కొత్త మేస్త్రీ వచ్చి గీత వైపు చూసి, వాచీ చూసుకుని, నసుగుతూ అడిగాడు.

"అక్కా, ఇవాళ అన్నయ్య ఏమీ అనలేదా?"

"ఏమనాలి?"

"అదేనండీ. ఇది బాగా మందమైంది, కాస్త గట్టి మాటే పడాలని నిన్న సాయంత్రమే చెప్పాను. సరేనన్నాడు. ఇంతలో గొంతు పోయిందని పొద్దున్న సైగలు చేసి చూపించాడు. నేనేమో మీరే ఏదో ఒకటి తలుచుకుంటారులే అనుకున్నా."

ఆమె చెయ్యి పలక మీదే ఉంది. "నిన్న సాయంత్రం ఎవరికి చెప్పారు?"

"అన్నయ్యకే. పెద్ద పని ఉంటే ముందు రోజే అన్నయ్యకి చెప్పాలని పాత మేస్త్రీగారు వెళ్తూ వెళ్తూ ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్ళారు." అతను ఆమె ముఖం చూసి తడబడ్డాడు. "మీ ఇద్దరూ కలిసి చేసుకున్న ఏర్పాటే కదా ఇది? మా ఆవిడతో కూడా అన్నాను, యార్డు పని కోసం రోజూ ఇంట్లో అబద్ధం తగాదా ఆడుకుంటారు, ఎంత అన్యోన్యమైన జంటో చూడు అని."

"ఎప్పట్నించి?"

"మీరు చేరినప్పట్నించీ అట కదండీ. అందుకే కదా అన్నయ్యని నేల మీది పని తప్పించి క్రేను ఎక్కించింది." ఇంక ఆపితే బాగుండేదని అతనికి అర్థమైపోయింది, కానీ మెతక మనుషులకి ఆపడం చేతకాదు. "ఆ పెద్ద చుక్కాని రోజున కూడా మాట పాత మేస్త్రీగారే అందించారట. అన్నయ్య ముందు ఒప్పుకోలేదట. అమ్మ సంగతి వద్దు అన్నాడట."

షెడ్డు కప్పు మీద పావురాలు లేచి ఎగిరిపోయాయి. పలక మెడ నుంచి తోక దాకా వేడి పాకింది. నేల మీద పారిన నల్లనీళ్ళ నుంచి ఆవిర్లు లేచాయి, పలక కిందున్న కొయ్య దిమ్మెల నుంచి పొగ వాసన వచ్చింది. సుద్దగీత కరిగింది, మెరిసింది.

"కరిగింది, కరిగింది," అన్నాడు పెద్ద వెల్డరు సంబరంగా, ముసుగు దించుకుంటూ.

కుంపటక్క అతని వైపు చూసింది. తన బతుకంతా ఎవరో చెప్పి పెట్టించిన తగాదా అని తెలిసిన ఈ క్షణాన్ని కూడా వీళ్ళు వాడేసుకోబోతున్నారు. దీనితోనూ ఒక అతుకు వేసేస్తారు, మధ్యాహ్నానికి బిస్కెట్లు పంచేస్తారు.

"అక్కడ చెయ్యి పెట్టావంటే చూడు," అంది. ముసుగు మళ్ళీ పైకి లేచింది. ఆమె పలక మీద నుంచి చెయ్యి తీసేసి, షెడ్డు దాటి, కలప పెట్టే దొడ్లోకి వెళ్ళింది. అక్కడ దూలాలు తప్ప మేకు కూడా లేదు. బూట్ల ముందు భాగంలో ఇనప రేకు ఉంటుంది కాబట్టి అవీ విప్పి దూరంగా విసిరేసి, వట్టి కాళ్ళతో ఒక దూలం మీద కూర్చుంది. షెడ్డులో పలక మెల్లగా చల్లారిపోయింది.

మేనేజరు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. డాకు ఖాళీ చెయ్యాలి, బయట ఇంకో ఓడ లంగరేసుకుని ఎదురుచూస్తోంది. పక్క యార్డు వాళ్ళని గ్యాసు అడిగితే మా దగ్గరా లేదు పొమ్మన్నారట. ఆయన దూలం ముందు నిలబడి ముందు బుజ్జగించాడు.

"చూడమ్మా. కుటుంబ విషయాలు ఇంట్లో పెట్టుకోవాలి. పనిలోకి తేకూడదు."

"మా ఇంట్లోకి తెచ్చింది మీరు," అంది కుంపటక్క. "పొద్దున్నే మా మంచం పక్కకి మీ ఓడల్ని తెచ్చిపెట్టింది మీరు."

బుజ్జగింపు పనిచెయ్యకపోయేసరికి ఆయన పద్ధతి మార్చాడు. సోమరివన్నాడు. నీలాంటివాళ్ళు గేటు బయట వందమంది ఉన్నారన్నాడు. ముఖం చూడు, ఎప్పుడూ మాడ్చుకునే ఉంటావన్నాడు. అంటూనే ఓరకంట షెడ్డు వైపు చూస్తున్నాడు, పలక కాగిందని మేస్త్రీ ఏమైనా సైగ చేస్తాడేమోనని. తిట్టి పని చేయించుకోవడానికి వచ్చిన మనిషి, పాపం, తిట్టడంలో అనుభవం లేదు. అన్నీ పైపై మాటలే. చివరికి విసుగొచ్చి వెనక్కి తిరిగి కేకేశాడు. "ఆ ఆపరేటర్ని కిందికి రమ్మనండి. అప్పుడేదో అన్నాడట కదా, ఆ మాటే మళ్ళీ అనమనండి."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. కొత్త మేస్త్రీ నేల వైపు చూశాడు. ఒక్కరూ వద్దనలేదు.

"రమ్మనండి," అంటూ కుంపటక్క లేచింది. "నాకూ వినాలనే ఉంది."

షెడ్డులో పలక చుట్టూ అందరూ చేరారు. ఆమె నడిచి వస్తుంటే దారిచ్చారు. పెద్ద వెల్డరు దగ్గర ఆగి అడిగింది. "నీకూ తెలుసా?"

ఆయన ముసలి మనిషి, ఆమెని అమ్మాయ్ అని పిలిచేవాడు. "అందరికీ తెలుసు కదమ్మాయ్. నీకు తెలీదన్న సంగతే మాకు తెలీదు."

"నన్నెవరూ అడగలేదు."

"అడిగితే నీకు కోపం వస్తుందేమోనని," అని నాలిక్కరుచుకున్నాడు.

ఆమె మొగుడు క్రేను దిగి వచ్చాడు. మెడకి ఆమె చుట్టిన గుడ్డ అలాగే ఉంది. అతనికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది, ఆమె ముఖం చూడగానే తెలిసిపోయింది. ఆమె పలక మెడ మీద అరచెయ్యి ఆనించింది. మేస్త్రీ కొత్త గీత గీశాడు.

"అను," అంది.

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల ఊపాడు.

"మీ అమ్మని..." అని బొంగురు గొంతుతో మొదలెట్టాడు. అది మాటలా లేదు, రంపం గీరినట్టుంది. అయినా మొత్తం అన్నాడు. చంపింది జబ్బు కాదు, నువ్వే.

కుంపటక్క కళ్ళు మూసుకుంది. రెండేళ్ళుగా ఆ మాట తలపుకొస్తేనే చేతిలో ఉన్న చెంచా కాలేది. ఇప్పుడు చెయ్యి కింద ఉక్కు చల్లగా ఉంది. కోపం లేక కాదు. ఇంత కోపం ఆమెకి పుట్టి బుద్ధెరిగాక రాలేదు. కానీ అది ఇనుములోకి పోవడం లేదు. ఆమె దగ్గరే ఉండిపోయింది, కడుపు నిండా, దిట్టంగా, ఆమె సొంతంగా.

"ఇంకోసారి అను. ఆ రోజు పక్కింటి వాళ్ళకి కూడా వినిపించింది."

మళ్ళీ అన్నాడు. ఉక్కు చల్లగానే ఉంది.

"అది ఎవరి మాట?"

"పాత మేస్త్రీది."

"నువ్వు నమ్మావా?"

"లేదు," అన్నాడు. గొంతు ఒక్కో అక్షరాన్నీ మింగేస్తోంది. "ఎలా నమ్ముతానే? ఆ రోజు సెలవివ్వకపోవడం కూడా నీ కోపం కోసమే. నీకు సెలవిస్తే పనికి చల్లబడిపోతావని మేస్త్రీ అన్నాడు. నాకు అప్పుడే తెలుసు."

షెడ్డులో ఎవరో ఊపిరి గట్టిగా వదిలారు. కన్నతల్లి కడసారి చూపుకి కూడా పోనివ్వకుండా ఒక మనిషిని నిలబెట్టి కాచుకున్నారన్నమాట. అది తెలిసి ఈ మొగుడు రోజూ ఆమె పక్కనే పడుకున్నాడన్నమాట. ఏం మనుషులో, వీళ్ళకి చేతులు కడుక్కోవడానికి చన్నీళ్ళివ్వడం కూడా దండగే.

"ఇంకోసారి అను," అంది కుంపటక్క.

"ఇంక అనలేనే."

"అప్పుడు వాళ్ళ కోసం అన్నావు. ఇప్పుడు నేను అడుగుతున్నా. అను."

అన్నాడు. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు. అంటున్నకొద్దీ ఆ మాట అరిగి, చిరిగి, అర్థం పోయి వట్టి చప్పుడైపోయింది. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. అతని ముఖమే ముందు పాలిపోయింది, తర్వాత కందింది. మేనేజరు చిరాగ్గా, "ఏంటి బాబూ, నీ పెళ్ళాం దగ్గర ఆమాత్రం గట్టిగా అనలేవా," అన్నాడు. అంతే. అతను గిర్రున తిరిగి, చుక్కాని పలక మీద అరచేత్తో బలంగా కొట్టాడు.

"మీరు చెప్పారనే కదరా అన్నాను," అని అరిచాడు. పోయిన గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని షెడ్డు దద్దరిల్లింది. "మీరు చెయ్యమన్నారనే కదా రోజూ పొద్దున్నే నా నోట్లో పేడ పెట్టుకున్నాను. పైన కూర్చోబెట్టి, ఈ మనిషి ముఖంలోకి చూడలేకుండా చేశారు కదా."

పెద్ద వెల్డరే ముందు చూశాడు. ఆమె మొగుడి చెయ్యి కింద సుద్దగీత కరుగుతోంది. కరిగి, మెడ వంపు మీదుగా మెరుస్తూ జారుతోంది. కుంపటక్క తన చెయ్యి తీసేసి అప్పటికే రెండడుగులు వెనక్కి వేసింది. అతను ఇంకా అరుస్తూనే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు, పాత మేస్త్రీని, మేనేజరుని, అన్నిటికంటే ఎక్కువగా తనని. చెయ్యి కాలాక గాని అతనికి తెలియలేదు. ఉలిక్కిపడి తీసెయ్యబోయాడు.

మేనేజరు గొంతులోకి అంతకుముందు లేని ఆప్యాయత వచ్చింది. "తియ్యకు బాబూ. కాస్త అక్కడే ఉంచు." వెల్డరు వైపు తిరిగి, "కానివ్వండి," అన్నాడు.

ఓడ అనుకున్న సమయానికే నీళ్ళలోకి దిగింది. మర్నాడు క్రేను మీదకి ఇంకొకణ్ణి ఎక్కించారు. కుంపటక్క మొగుడి చేతికి హెల్పరు తొడుగులిచ్చి ప్లేట్ల షెడ్డులో నిలబెట్టారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. ముసలాయన తర్వాత ఆమె, ఆమె తర్వాత అతను, అంతే కదా అనుకున్నారు. కుంపటక్క ఇల్లు వదిలేసి మార్కెట్టు వెనక ఒక గది అద్దెకి తీసుకుంది. ఆమె పక్కన ఇనుము ఇప్పుడు ఇనుములాగే ఉంటోంది. యార్డు వాళ్ళు ఆమెని తాళ్ళ షెడ్డులోకి మార్చారు. అక్కడ తాళ్ళు పేనుతూ, ఎవరితోనూ అనవసరంగా మాట్లాడకుండా, ఎవరు కెటిలు తెచ్చి పక్కన పెట్టినా లేచి దూరంగా పెట్టేసి వచ్చేది. కోపం తగ్గలేదు. దాన్ని ఇప్పుడు ఎవరికీ అరువివ్వడం లేదు. పొద్దున్నే ఆమె గదిలో ఎవరూ అరవరు. అమ్మ గురించి ఏడవాలనుకుంటే ఇప్పుడు ఏడవగలుగుతోంది, ఒక్కోసారి టీ తాగుతూనే ఏడ్చేసి పనికి వచ్చేది.

కొన్నాళ్ళకి ఇంకో పెద్ద ఓడ వచ్చింది. కొత్త మేస్త్రీ తాళ్ళ షెడ్డు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ముందే సారీ."

"చెప్పండి."

"అన్నయ్య ఈమధ్య బాగా నీరసపడిపోయాడు. ఎవరేమన్నా తల దించుకుంటున్నాడు, కోపమే రావడం లేదు. వాళ్ళూ వీళ్ళూ అన్నీ అని చూశారు. ఈ చుక్కాని పోయినసారి దాని కంటే మందం. మేనేజరుగారు ఏమన్నారంటే, మీరు ఒక్కసారి వచ్చి ఓ మాటంటే..." అతను చూపు తిప్పుకున్నాడు. "ఏం అంటే తగులుతుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని. తాళ్ళ షెడ్డులో మిమ్మల్ని సూపర్వైజరుని చేస్తామని కూడా అన్నారు."

కుంపటక్క చేతిలో తాడు పక్కన పెట్టి లేచింది. మేస్త్రీ ఆమె వెనకే నడిచాడు.

ప్లేట్ల షెడ్డులో చుక్కాని పలక దిమ్మెల మీద పడుకుని ఉంది. దాని అంచున అప్పుడే ఎవరో తడి తొడుగులు వరసగా ఆరేశారు. పెద్ద వెల్డరు ముసుగు నెత్తి మీద పెట్టుకుని తయారుగా ఉన్నాడు. ఆమె మొగుడు మెడ దగ్గర చెయ్యి ఆనించి నిలబడ్డాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. ఆమెని చూసి ఎందుకొచ్చిందో గ్రహించి కళ్ళు మూసుకున్నాడు.

"అనెయ్యి," అన్నాడు మెల్లగా. "నీకు ఆ హక్కుంది."

ఆమెకి మాటలు కరువు లేదు. ఇన్నాళ్ళూ తాళ్ళు పేనుతూ పేర్చుకున్నవన్నీ నాలిక మీదకి వచ్చి నిలబడ్డాయి. ఒక్కటి చాలు, ఆ పలక ఎర్రగా అయిపోతుంది. అతను జీవితాంతం ఆ మాట పక్కన కూర్చుని బస్సెక్కాల్సి వస్తుంది. అతనికి అది జరగాలని ఆమెకి మనస్ఫూర్తిగా ఉంది. చుట్టూ చూసింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. మేస్త్రీ సుద్ద పట్టుకుని గీత గియ్యడానికి వంగాడు.

ఆమె పలక అంచున ఉన్న తొడుగులన్నీ ఒక్క చేత్తో ఊడ్చి నేల మీద పడేసింది.

"ఈయనకి నేను చెప్పాల్సింది చాలా ఉంది," అంది షెడ్డులో అందరికీ వినపడేలా. "దాన్ని నాకు ఇష్టమొచ్చిన రోజున, నాకు ఇష్టమొచ్చిన చోట చెప్తాను. అది విని ఈయన ఏడుస్తాడో చస్తాడో నాకనవసరం. మీ ఓడ కోసం మాత్రం చెప్పను."

తర్వాత మొగుడి వైపు తిరిగింది. "చెయ్యి తియ్యి."

"తీస్తే పని పోతుందే."

"పోనీ."

అతను కళ్ళు తెరిచి ఆమెని చూశాడు. ఆ ముఖంలో క్షమాపణ ఏమైనా ఉందేమోనని వెతికాడు. లేదు. చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మేస్త్రీ పక్క నుంచి బయటికి నడిచి, తాళ్ళ షెడ్డులోకి వెళ్ళి, వదిలేసిన చోట నుంచి పేనడం మొదలుపెట్టింది.